అత్వెల్లి అణుశక్తి

అణువును పగలగొట్టడం ఇక అమెరికా ఒక్కదాని సొత్తు కాదని, బుధవారం నుంచి ఆ పని అత్వెల్లిలో కూడా జరుగుతుందని నారాయణరావు దొర డప్పు కొట్టించి ప్రకటించాడు. జపాను మీద బాంబులు పడి అప్పటికి ఏడాది కాలేదు.

నారాయణరావు దొర మేడ్చల్ ఇలాకాకు శక్తి అధికారి. ఆ ఉద్యోగం అంతకుముందు లేదు. పట్నంలో ఉండే పై అధికారి నాజిం గారు ఒక సభలో అణువు గురించి విన్నారు. తమ ఇలాకాలో అలాంటిదేమీ లేకపోవడం బాగాలేదని ఉద్యోగం పుట్టించి మేనల్లుడికి ఇచ్చారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మేనల్లుడు కూడా ఆ సభకు వెళ్లాడు, చివరిదాకా కూర్చున్నాడు.

డప్పు వినపడినప్పుడు గౌరయ్య మోట తోలుతున్నాడు. తమ్ముడు భిక్షం మడుల్లోకి నీళ్లు మళ్లిస్తున్నాడు. ఎండాకాలం వరి పొట్ట మీద ఉంది. కోతదాకా ఇద్దరూ బావి దగ్గరుంటే ఏడాది గింజలు ఇంటికొస్తాయి. ఒకడు పోతే పొలం పోతుంది.

ఇద్దరూ ఉండగలగడానికి ఊరి కట్టుబాటే కారణం. వెట్టికి పొయ్యికొక మనిషి. అన్నదమ్ములది ఒకే పొయ్యి కాబట్టి ఆ ఒక్క మనిషిగా వాళ్ల నాయిన బాలమల్లు పోయేవాడు. ముసలాయన వెట్టిలో ఎక్కువసేపు కూర్చునే ఉండేవాడు. సర్కారుకు తల లెక్క సరిపోయేది.

బుధవారం చావడి ముందు దొర ఉపన్యాసం ఇచ్చాడు.

"అణువు నడుమ ఒక గింజ ఉంటుంది. యురేనియంలో ఆ గింజ పెద్దది, బరువైనది. న్యూట్రాన్ అనే కణం పోయి తగిలితే రెండు ముక్కలవుతుంది. ముక్కలన్నీ కలిపి తూచండి, మొదటి బరువు రాదు. కొంచెం తగ్గుతుంది. ఆ తగ్గిందే శక్తి. విరిగినప్పుడు ఇంకో రెండు మూడు న్యూట్రాన్లు బయటికొచ్చి పక్క గింజలకు తగులుతాయి. అవీ విరుగుతాయి. సరుకు సరిపడా ఉంటే ఆపడం ఎవరి తరమూ కాదు. దీన్ని విచ్ఛిత్తి అంటారు."

"దొరా, గా యురేనియం మన దిక్కు దొరుకుతదా?" అని షుకూర్ అడిగాడు. అతనికి చెరువు కింద కొంచెం తరి పొలం ఉంది.

"దొరకదు."

"మరి ఏం పగలగొడ్తరు?"

"ఉన్నది పగలగొడతాం. ఉమ్మడి కుటుంబాలు ఉన్నాయిగా."

న్యూట్రాన్‌కు ప్లస్సూ లేదు, మైనసూ లేదు. ఎవరి పక్షమూ కాదు కాబట్టి ఎదురు లేకుండా లోపలికి పోతుంది. ఆ పనికి దొర తన దగ్గర రాతకోతలు చూసే పేష్కారు వహాబ్‌ను నియమించాడు. వహాబ్ మర్యాదస్తుడు. ముందుగా గౌరయ్య ఇంటికి వచ్చి, మజ్జిగ తాగి, ఒకే ఒక్క మాట అడిగాడు.

"సుక్కమ్మా, ఎసరు పెట్టేది నువ్వే, గిన్నెలు తోమేది నువ్వే అంటాండ్రు. నిజమేనా?"

గౌరయ్య భార్య సుక్కమ్మ జవాబు చెప్పేలోపే భిక్షం భార్య రాధమ్మ లోపలి నుంచి వచ్చింది.

"అంటే నేను గూసోని తింటున్ననా?"

"నేనట్ల అన్ననా?"

"అనాల్నా మల్ల? మొకం జూస్తె తెల్వదా?"

పొద్దు గూకకముందే రాధమ్మ పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని వేరే పొయ్యి వెలిగించింది. తర్వాత నీళ్లకు పోయినప్పుడు ఈ సంగతి ఇద్దరు ఆడవాళ్లకు చెప్పింది. వాళ్లు ఇళ్లకు పోయి తమ గిన్నెలు ఎవరు తోముతున్నారో ఆలోచించారు. వహాబ్‌కు రెండో ఇంటికి పోవలసిన అవసరం రాలేదు.

వారం తిరిగేసరికి ఊళ్లో పొయ్యిలు రెట్టింపయ్యాయి, వెట్టి మనుషులు రెట్టింపయ్యారు. విచ్ఛిత్తి విజయవంతమైందని పట్నానికి తంతి పోయింది. బయటపడిన శక్తితో శామీర్‌పేట చెరువు గట్టున దొరకు బంగళా కట్టడం మొదలైంది. అణువుకూ బంగళాకూ ఉన్న సంబంధాన్ని దొర వివరించాడు. పరిశోధన చేసేవాడు ఎక్కడో ఒకచోట పడుకోవాలి.

కొత్త పొయ్యి తరఫున భిక్షం శామీర్‌పేటకు రాళ్లు మోయడానికి పోయాడు. గౌరయ్య బొక్కెన తోడి, ఎడ్లను నిలిపి, మడికి పరుగెత్తేవాడు. నీళ్లున్నప్పుడు అతను మడి దగ్గర లేడు, మడి దగ్గర ఉన్నప్పుడు నీళ్లు లేవు. చివరి మళ్లు పసుపెక్కాయి. అతను శామీర్‌పేటకు నడిచి వెళ్లి దొర ముందు చేతులు కట్టుకున్నాడు.

"దొరా, నీ బాంచెన్. కోతదాంక మా తమ్మున్ని ఇడువున్రి. వరి ఎండుతాంది."

దొర భోంచేసి ఉన్నాడు, మాట్లాడాలని ఉంది. "విచ్ఛిత్తి చిన్న విషయం గౌరయ్యా. దాన్ని మించింది ఉంది, సంలీనం. సూర్యుడు వెలిగేది దానితోనే. చిన్నచిన్న గింజలు ఒకదాన్ని ఒకటి దగ్గరికి రానివ్వవు, తోసేస్తాయి. వేడి విపరీతంగా ఉంటే మాత్రం అతుక్కుని ఒకటైపోతాయి. అప్పుడూ బరువు కొంత తగ్గి శక్తి అవుతుంది. మణుగుకు మణుగు తూస్తే పగలగొట్టినదానికంటే ఎక్కువ శక్తి."

"అతుక్కున్నంక లెక్క ఒకటేనా దొరా?"

"ఒకటే."

"రేపు కాదనరు గద?"

"ఇది సైన్సు. మాట మార్చడం ఉండదు. అయినా మీ దగ్గర అంత వేడి ఎక్కడుంది?"

గౌరయ్య ఆ రోజే ఊరివాళ్లను కళ్లం దగ్గర కూర్చోబెట్టి, ఊరంతటికీ ఒకే పొయ్యి పెడదామన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు, లేచిపోయినవాళ్లు లేచిపోయారు. అత్వెల్లిలో ఒకరి కుండ ఒకరు ముట్టరు. నీడ పడితే కుండ పగలగొట్టేవాళ్లు ఉన్నారు. తోసుకోవడంలో అణువులు వాళ్ల ముందు నిలవవు.

"అన్నా, మా పెండ్లిళ్ల డేగిసా ఇస్త," అన్నాడు షుకూర్. "పప్పు ఒండుకుందం. పప్పుకు ఏం మతమున్నది?"

బాలనర్సమ్మ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తన ఇల్లు దాటి మంచినీళ్లు తాగని మనిషి ఆమె. "నన్ను సంపినా తిన. నా కొడుకు రాళ్లు మోసి సచ్చినా మంచిదే." లేవబోయి ఆగి, "గా బంగళా ఎప్పుడైతదట?" అంది.

"బంగళా అయినంక పారీగోడ అవ్వా," అన్నాడు గౌరయ్య. "గోడ అయినంక తోట."

ఆమె కొంగు దించింది.

"గంత పెద్ద డేగిసాల ఉప్పెంత వడ్తది?"

మర్నాడు ఊళ్లో పొయ్యిలన్నీ నీళ్లు చల్లి ఆర్పేశారు. కళ్లంలో ఒక్కటి వెలిగింది. అత్వెల్లి తరఫున శామీర్‌పేటకు బాలమల్లు ఒక్కడే వచ్చి, సగం లేచిన గోడ నీడన కూర్చున్నాడు.

దొర అత్వెల్లికి వచ్చి పొయ్యిని చూశాడు, పంక్తిని చూశాడు. రాధమ్మకు సుక్కమ్మ వడ్డిస్తోంది. అరవబోయాడు.

"మీరు జెప్పిందే జేసినం దొరా," అన్నాడు గౌరయ్య. "సంలీనం."

సైన్సులో మాట మార్చడం ఉండదు. దొర గుర్రం మీదే ఆలోచించి పట్నానికి తంతి ఇప్పించాడు. 'అత్వెల్లిలో సంలీనం జరిగింది. ఊరంతా కలిసి ఒక మనిషి మిగిలాడు. మిగతాదంతా శక్తి అయింది.'

నాజిం గారు ఆలస్యం చేసే మనిషి కాదు. 'అభినందనలు. ఆ శక్తిని మేడ్చల్ స్టేషన్‌లో గూడ్సు డబ్బాలో వేసి పంపించు.'

డబ్బా వచ్చింది. ఎక్కించడానికి పొయ్యికొక మనిషి కావాలన్నారు. బాలమల్లు కాళ్లు వాచి ఉన్నందున భిక్షం పోయాడు. ఎక్కించవలసింది ఏమిటో ఎవరూ చూపించలేదు. అతను లోపలికి ఎక్కి, అటూ ఇటూ చూసి, దిగి తలుపు వేశాడు. వహాబ్ లక్కముద్ర వేశాడు. మధ్యాహ్నానికి భిక్షం మడుల్లో నీళ్లు మళ్లిస్తున్నాడు. వరి తేరుకుంటోంది.

పట్నం నుంచి జవాబు వచ్చింది. 'అందింది. కొంచెం తక్కువ ఉంది. విచారించు.'

దొర స్టేషన్‌లో విచారణ పెట్టి భిక్షాన్ని పిలిపించాడు. వెంట గౌరయ్య కూడా వచ్చాడు.

"తలుపు వేసేటప్పుడు డబ్బాలోంచి ఏమైనా బయటికి పోయిందా?"

"ఏం పోలే దొరా. నేనొక్కన్నే బైటికొచ్చిన."

దొర, వహాబ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తక్కువైంది దొరికింది," అన్నాడు దొర.

రెండో డబ్బాలో భిక్షాన్ని కూర్చోబెట్టి ముద్ర వేశారు. గౌరయ్య డబ్బా వెంట పరుగెత్తాడు. "దొరా, కోతదాంక ఆగున్రి! నీళ్లు మలిపెటోడు లేడు!" బండి ఆగలేదు. దొర అతని భుజం తట్టి, దేశానికి శక్తి అవసరం అన్నాడు.

ఆ వారమంతా గౌరయ్య మోటకూ మడికీ మధ్య పరుగెత్తాడు. శనివారం వహాబ్ పట్నం నుంచి నాజిం గారు ఇచ్చిన తంతి పట్టుకుని గట్టు మీదికి వచ్చి, దొర చదివి వినిపించమన్నాడని చదివాడు.

'ఈసారి నిండుగా అందింది. మా బంగళా వెనక బావిలో నీళ్లు తోడి తోటంతా పారిస్తున్నది. మామిడి మొక్కలు చిగురేశాయి. మడులకు నీళ్లు మళ్లించడంలో దీనికి మంచి నేర్పు ఉంది. వారానికొకటి పంపించు.'