హార్డ్ డిస్కు పంపకం

చోడవరంలో పెళ్లి వీడియోలు తీసే పరదేశి ఆ ఉదయం రెండే పనులు పెట్టుకున్నాడు. ఒకటి, తమ్ముడు ఉదయ్‌కుమార్ పోరు పడలేక స్టూడియో కంప్యూటర్లో విండోస్ పక్కనే లినక్స్ అనే ఇంకో సిస్టమ్ ఎక్కించనివ్వడం. రెండు, మధ్యాహ్నానికల్లా అప్పలనరసమ్మ కూతురి పెళ్లి సినిమా పూర్తి చేసి ఇవ్వడం. ఆ సినిమా కోసం అతను కంప్యూటర్లో పెళ్లికూతురి నెత్తిన గులాబీలు కురిపించాడు, విందు సీన్ల నిండా జలపాతాలు దూకించాడు. అది గనక చేతికి అందకపోతే అప్పలనరసమ్మ నోరు ఊరుకోదు. బుచ్చయ్యపేట దాకా ఇంకొక్క పెళ్లి దక్కదు.

అన్నదమ్ములు ఏదో పంచుకుంటున్నారని తెలిసి తండ్రి రామ్మూర్తి కండువా వేసుకుని దిగాడు. చుట్టుపక్కల చెరుకు పొలాల పంపకాలన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతాయి. పిలవకపోయినా జరుగుతాయి.

"ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ తీసీసుకుందాం అన్నియ్యా. ఏటైనా అయితే కష్టం," అన్నాడు ఉదయ్.

"ఆగరా," అన్నాడు రామ్మూర్తి. "పంపకం అవ్వకుండా ఇంట్లోంచి గిన్నె కూడా బయటికెల్లకూడదు. పెద్దోడేటో దాసీసేడని రేపు నువ్వే అంటావు."

"నేనన్ను నాన్నా!"

"ముందు అందరూ అలాగే సెప్తారు."

ఆయనకు ఎదురుచెప్పిన వాళ్లు లేరు. చెప్పినా ఆయన వినలేదు. కాపీ ఆగిపోయింది.

పద్ధతి ప్రకారం పెద్దవాడు భాగాలు వెయ్యాలి, చిన్నవాడు కోరుకోవాలి. ఉదయ్ పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ తెరిచి డిస్కు పటం చూపించాడు. పరదేశి విండోస్‌కు సగం ఉంచి, ఖాళీగా సగం వేశాడు. ఉదయ్ ఖాళీది కోరుకున్నాడు. కొడుకుల బుద్ధికి తండ్రి మురిసిపోతుండగా ఆయన చూపు ఓ మూలనున్న చిన్న ముక్క మీద పడింది.

"ఇదెవులిది?"

"ఎవులిదీ కాదు నాన్నా. కంప్యూటర్ లెగాలంటే అదుండాలి. ముట్టుకోకండి," అని చెప్పి ఉదయ్ టీ తేవడానికి వెళ్లాడు.

ఎవరిదీ కాని ముక్క! ఇలాంటి గట్టు ముక్కల దగ్గరే అన్నదమ్ములు కొడవళ్లు పట్టుకోవడం రామ్మూర్తి ఎన్నిసార్లు చూడలేదు!

"ఒరే పెద్దోడా, అది తీసీసి నీ దాంట్లో కలిపీ. రేపు తగువొద్దు."

"తమ్ముడు ముట్టుకోవద్దన్నాడు కదా నాన్నా."

"వాడెందుకన్నాడో నాకు తెల్దేటి?"

పరదేశి పితృవాక్య పరిపాలకుడు. తీసేశాడు. పంపకం పూర్తయిందన్న సంతోషంలో ఇక సినిమా సంగతి చూద్దామని పెన్‌డ్రైవ్ పీకేసి కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. అది లేవలేదు.

టీ గ్లాసులతో వచ్చిన ఉదయ్ నల్లటి తెర చూసి తల పట్టుకున్నాడు. "విండోస్‌ని మళ్లీ లేపొచ్చు గానీ, సాయంత్రం అయిపోద్ది."

అంతలోనే అప్పలనరసమ్మ దేవరాపల్లి వియ్యాలవారిని ఆటోలో ఎక్కించుకుని దిగనే దిగింది. పెళ్లిలో తన ఆకులో మాడుగుల హల్వా పడలేదని వియ్యంకుడు ఆటో దిగుతూ కూడా అంటూనే ఉన్నాడు. సినిమా చూపించి ఆయన అలక తీర్చాలని ఆవిడ ఆశ.

"ఏదీ బాబూ మా సినిమా?"

పరదేశికి ఏడుపొక్కటే తక్కువ. రామ్మూర్తికి అర్జెంటుగా పొలంలో నీళ్లు పెట్టాలని గుర్తొచ్చింది. ఉదయ్ మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టి లినక్స్‌లోంచి వెతికాడు. కెమెరాలోంచి దించిన వీడియో దొరికింది. విండోస్‌లోనే తెరుచుకునే గులాబీలూ జలపాతాలూ మాత్రం దాంతో పాటే పడుకున్నాయి.

"మా నాన్న కంప్యూటర్ పాడుసేసేడండీ. డెకరేషన్ లేని వీడియోయే ఉంది," అని చెప్పి, భయపడుతూనే వేశాడు.

గులాబీలు లేకపోయేసరికి పెళ్లికూతురి మొహం కనిపించింది. తల్లి కళ్లు చెమర్చాయి. జలపాతాలు లేకపోయేసరికి విందు బంతి కనిపించింది. అందులో వియ్యంకుడు కళ్లు మూసుకుని మరీ హల్వా తింటున్నాడు.

"అదిగో! అన్నయ్యగారు హల్వా తింటన్నారు సూడండి!" అని అప్పలనరసమ్మ లేచి నిలబడింది. "మల్లీ ఎయ్యమంటన్నారు కూడా!"

"అది హల్వా అనుకోలేదమ్మా," అని గొణిగాడాయన. గది గొల్లుమంది. సిగ్గుపడుతూ ఆయనా నవ్వేశాడు. దాంతో అలక తీరిపోయింది.

వెళ్లబోతూ అప్పలనరసమ్మ పరదేశి భుజం తట్టింది. "మా సిన్న గుంట పెళ్లికీ నువ్వే తియ్యాలి బాబూ. తీసేక మీ నాన్నగారి సేత ఓపాలి కంప్యూటర్ పాడుసేయించీ."

పరదేశి తలవంచుకుని ఆర్డరు రాసుకున్నాడు.