ముగ్గురు పిల్లలు, ఒకే ద్రాక్మా

ఆ సోమవారం కృష్ణమూర్తి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఉప్మా తినాలి, ఏడింటి రైలెక్కి సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని ఆఫీసుకు వెళ్ళాలి. ప్లేటుకు చోటు చేద్దామని బల్లమీద ఉన్న చార్టును పక్కకు జరపబోయాడు. జరిపి ఊరుకోకుండా చదివాడు.

అది ఆయన కూతురు ప్రణవి తన క్లాసు పిల్లలు ఇద్దరితో కలిసి చేసిన స్కూలు ప్రాజెక్టు. పాతకాలపు గ్రీకు నాణేన్ని ఏ భాషలో ఏమంటారో అందులో ఉంది. ఫ్రెంచి గడిలో "ద్రాక్మ్", రొమేనియన్ గడిలో "ద్రాహ్మ". స్పానిష్, ఇటాలియన్, పోర్చుగీసు గళ్ళలో మాత్రం అచ్చంగా ఒకటే మాట, "ద్రాక్మా". స్పానిష్ గడి ప్రణవి నింపింది. మిగతా రెండూ కింది అంతస్తులో ఉండే కవలలు పునీత, తరుణ్ రాశారు.

సింగపూర్ రాకముందు కృష్ణమూర్తి విజయవాడలో ఎనిమిదేళ్ళు లెక్చరర్‌గా చేశాడు. పరీక్ష హాల్లో ముగ్గురి పేపర్లలో ఒకే జవాబు కనబడిందంటే ఆయనకు ఇక సాక్ష్యంతో పనిలేదు.

"ఎవర్ని చూసి ఎవరు రాశారే?"

"ఎవరూ చూళ్ళేదు నాన్నా. ఆ మూడిట్లో సేమ్ వర్డ్ లా! కావాలంటే గూగుల్ చేసి చూడు," అంది ప్రణవి, సింగపూర్ వాళ్ళ "లా" మాట చివర తగిలించి.

"గూగుల్ చూసే కదా కాపీ కొట్టింది!"

ప్రణవి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. క్లాసు మొత్తంలో ఒక్క చార్టే స్కూళ్ళన్నీ కలిసి పెట్టే ప్రదర్శనకు వెళ్తుంది. నెల రోజులుగా ఆ పిల్లకు అదే ధ్యాస.

"పొద్దున్నే పిల్లనేడిపించకండి," అంది వంటింట్లోంచి ఆయన భార్య ఉమ. ఈలోపే కృష్ణమూర్తి కవలల తండ్రి సురేన్‌కు ఫోన్ చేసేశాడు. సురేన్ మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగువాడు. కంగారుపడటంలో ఎవరికీ తీసిపోడు.

"అలామక్! అయ్యో, కాపీయా అన్నా? టీచర్‌కి తెలిస్తే ముగ్గురి పనీ అయిపోద్ది!" అంటూ కవలల్ని రెక్క పట్టుకుని పైకి లాక్కొచ్చాడు.

తెలియకముందే ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుతుందని కృష్ణమూర్తి తీర్పు చెప్పాడు. ముగ్గుర్నీ వరసగా కూర్చోబెట్టి, తాను చెబుతూ క్షమాపణ చీటీలు రాయించాడు. పిల్లలు చేయని తప్పును చక్కటి ఇంగ్లీషులో ఒప్పుకున్నారు. ఉప్మా చల్లారిపోయింది, ఏడింటి రైలు వెళ్ళిపోయింది. ఇద్దరు తండ్రులూ ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని బడికి బయల్దేరారు.

టీచరు మిస్ టాన్ చీటీలు చదివింది, చార్టు చూసింది, మళ్ళీ చీటీలు చదివింది. ప్రణవి పునీత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"జవాబులన్నీ కరెక్టే," అందామె ఇంగ్లీషులో. "ఆ గ్రీకు మాట లాటిన్‌లోకి వచ్చింది. ఈ భాషలన్నీ లాటిన్ పిల్లలు. ఒక తల్లి పిల్లలకు ఒకే రకం ముక్కు ఉంటే దొంగతనం అంటామా? శుక్రవారం చిత్తు కాపీ చూసినప్పుడే ప్రదర్శనకు దీన్నే పంపాలని అనుకున్నాను."

ప్రణవికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సురేన్ "అమ్మయ్య!" అంటూ దొరికిన కుర్చీలో కూలబడ్డాడు. కృష్ణమూర్తికి సిగ్గేసినా, గుండెమీంచి పెద్ద బరువు దిగిపోయింది. కూతురి తల నిమిరి "సారీ రా తల్లీ," అన్నాడు. అలా అనడం ఆయనకు అలవాటు లేదు గనక రెండోసారి గట్టిగా అనాల్సి వచ్చింది.

"ఇవి మాత్రం కాపీలే," అంటూ మిస్ టాన్ మూడు చీటీలనూ బల్లమీద పరిచింది. "కామాలతో సహా ఒకేలా ఉన్నాయి. ఇందులో ఎవరి హస్తం ఉంది?"

మూడు వేళ్ళు ఒకేవైపు లేచాయి. కృష్ణమూర్తికి ఉన్నట్టుండి ఆఫీసు గుర్తొచ్చింది.