అధ్యక్షుల వారి రక్తపోటు

"అరవై దాటిన ప్రతి మనిషీ ఆడి తీరాలి! ఆటే మందు, ఆటే వైద్యం! ఆడని మనిషి ఒంట్లో రక్తం ఊరుకోదు, తిరగబడుతుంది!"

పెద్దల షటిల్ సంఘం వార్షికోత్సవంలో అధ్యక్షుల వారు మైకు అందుకుని ఈ మహత్తర ప్రకటన చేయగానే చప్పట్లు మోగాయి. అధ్యక్షుల వారంటే పూర్వాశ్రమంలో తపాలా శాఖ సూపరింటెండెంటు. ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ ఆయన ఆఫీసును వదల్లేదు. షటిల్ కాక్ ఈకలు ఊడిపోతే 'సేవ నుంచి తొలగించడమైనది' అని రాసి కింద సంతకం పెట్టేవారు.

ఈ సంఘంలో ఒకప్పుడు అందరిలాగే పాయింట్లు లెక్కపెట్టేవారు. దాంతో రోజూ జగడాలే! కాక్ గీత లోపల పడిందా బయట పడిందా అని పెద్దమనుషులు చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. చివరికి సంఘం సభ్యుల ఆరోగ్యం చూసే డాక్టరమ్మ కేకలేసింది.

"ఆరోగ్యం కోసం ఆడుతున్నారా, ఆస్తి పంచుకుంటున్నారా? ఇలా ఆడితే బీపీ తగ్గదు సార్, పెరుగుతుంది!"

కార్యవర్గం అత్యవసరంగా సమావేశమై తీర్మానించింది. పాయింట్లు రద్దు. ఏడాదికోసారి అందరికీ బీపీ చూడాలి. ఎవరిది అందరికంటే బాగుంటే వాళ్లే 'ఆదర్శ క్రీడాకారుడు', మెడలో పతకం! పోటీ వల్ల బీపీ పెరుగుతోందని, బీపీలోనే పోటీ పెట్టుకున్న మేధావులు వీళ్లు.

కిందటేడు ఆ పతకం సంఘంలోనే ఉన్న లాయరు గారు తన్నుకుపోయారు. అధ్యక్షుల వారికి తల కొట్టేసినట్టయింది. ఈసారీ రాకపోతే అధ్యక్ష పదవికే రాజీనామా అని ఇంట్లో ప్రకటించారు.

"రాజీనామా చేస్తే మరి పొద్దున్నే ఎక్కడికెళ్తారండీ?" అంది ఇల్లాలు భయంగా.

"ఎక్కడికీ వెళ్లను. ఇంట్లోనే ఉంటాను."

ఆ మాట వినగానే ఆవిడ నడుం బిగించింది.

ఆయన ప్రశాంతంగా ఉండాలి గనక ఆవిడ పరుగులు పెట్టింది. ఆయనకి ఉప్పు తగ్గించి వేరే వంట. కాలింగ్ బెల్లు మోగితే ఉలిక్కిపడతారని, ఎవరైనా మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే ఎదురెళ్లి తలుపు తీసేది. కూతురు ఫోన్ చేస్తే స్నానాల గదిలో దూరి గుసగుసగా మాట్లాడేది. ఆయన కళ్లు మూసుకుని దీర్ఘశ్వాసలు తీస్తూ, ఫ్యాను కిర్రుమంటోందని కసిరారు. ఫ్యాను కట్టేసి అట్టముక్కతో విసిరింది. ఇంత జరిగాక ఆయన లాయరుతో ఏమన్నారో తెలుసా? "మనసు నా చెప్పుచేతల్లో ఉందండీ!" అన్నారు.

వార్షికోత్సవంలో ఉపన్యాసం అయ్యాక పరీక్ష మొదలైంది. ఆయనకి మంచినీళ్లు సర్దుకుని వెంట వచ్చిన ఇల్లాలు ఓ మూల నిలబడింది. బల్ల ముందు కుర్చీలో ముందుగా లాయరు గారు కూర్చున్నారు. నూట అరవై దాటింది! తర్వాత అధ్యక్షుల వారు కూర్చున్నారు. నూట ఇరవై ఆరు!

"మిషను తప్పు!" లాయరు గారు లేచారు. "ఈ సాక్ష్యం చెల్లదు!"

"తప్పా?" అధ్యక్షుల వారు చిద్విలాసంగా నవ్వారు. "జన్మలో రాకెట్టు ముట్టని మా ఆవిడకి పెట్టి చూడండి. ఆటకున్న మహిమ ఏమిటో మీకే తెలుస్తుంది. ఇదిగో, ఇలా రా!"

ఆవిడ సిగ్గుపడుతూ వచ్చి, నిలబడే చెయ్యి చాపింది. డాక్టరమ్మ బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టి, కాసేపాగి చూసింది. నూట ఎనభై ఎనిమిది!

"చూశారా!" అధ్యక్షుల వారు ఎగిరి గంతేశారు. "నేను చెప్పలా!"

సభ యావత్తూ చప్పట్లు కొట్టింది. డాక్టరమ్మ ఒక్కతే కొట్టలేదు. మరోసారి చూసింది. అంతే ఉంది.

"ఎన్నాళ్లయిందమ్మా చూపించుకుని?"

"నేనా? ఇంట్లో మిషనుందండీ. కాకపోతే అది ఈయన చేతికే సరిపోతుంది."

"తలనొప్పి రాదూ?"

"వస్తుందండీ. ఈయన ఆటకెళ్లాక కాస్త నెమ్మదిస్తుంది."

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు.

"రేపే ఆస్పత్రికి రండి. మందులు మొదలుపెడదాం," అంది డాక్టరమ్మ. "అదుపులోకొచ్చాక రోజూ పొద్దున్నే మీరూ ఆడాలి. మీ వారు చెప్పింది నిజమే, ఆట మంచిది."

"ఆవిడా?" అధ్యక్షుల వారి గొంతు కీచుమంది. "అరవై రెండేళ్లొచ్చాయి, ఈ వయసులో ఆటలేమిటండీ, నలుగురూ నవ్వరూ? అయినా పొద్దున్నే ఈవిడ ఇక్కడికొస్తే ఇంట్లో నా సంగతి ఎవరు చూస్తారు?"

సంఘం సంఘమంతా నేలచూపులు చూసింది. ఇళ్లలో అందరి సంగతీ చూసేవాళ్లు ఇళ్లలోనే ఉన్నారు మరి.

లాయరు గారు మాత్రం మెల్లగా దగ్గారు. "అధ్యక్షా, తమరి బీపీ మళ్లీ ఒక్కసారి చూద్దామా?"

"అక్కర్లేదు!" అధ్యక్షుల వారు గద్దించారు. మెడ మీది నరాలు దూరానికి కూడా కనిపిస్తున్నాయి.

"అయ్యో, ఆయన్ని మాట్లాడించకండి," అంటూ ఇల్లాలు కంగారుగా లేవబోయింది.

"మీరు కదలొద్దు," అని డాక్టరమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "సార్, ఆవిడకి కాస్త మంచినీళ్లివ్వండి."

అధ్యక్షుల వారు అటు చూశారు, ఇటు చూశారు. తర్వాత వంగి ఆవిడనే అడిగారు.

"ఇదిగో, నీళ్లెక్కడ పెట్టావ్?"