కరివేపాకు మీద గుర్తు తెలియని ప్రాణి

ఈ దేశంలో పుట్టడం తేలికే. పుట్టినట్టు ఒప్పించడమే కష్టం. మనుషులు దీనికి ఏనాడో అలవాటు పడ్డారు. సూరత్‌లో, అడాజన్‌లోని ఒక హౌసింగ్ సొసైటీ చొరవ వల్ల ఇప్పుడు పురుగులకూ ఆ భాగ్యం దక్కింది.

నియమం సరళమైనది. ఆవరణలో కనిపించిన ప్రతి కీటకాన్నీ మూడు రోజుల్లోగా ఫోటో తీసి యాప్‌లో గుర్తింపజేయాలి. సీతాకోకచిలుక అని తేలితే ఉండనిస్తారు. తేలకపోతే అది ఉన్న మొక్కను పెరికేస్తారు. (దోమలకు మినహాయింపు. అవి సొసైటీ కంటే ముందునుంచీ ఉంటున్నాయి.)

నాలుగో అంతస్తులో అంబదాస్ గారి బాల్కనీలో, కరివేపాకు మొక్క మీద ఒక ఆకుపచ్చ గొంగళిపురుగు కనిపించింది. ఆ మొక్క ఆయన భార్య భాగ్యలక్ష్మి నాటింది. ఆమె పోయి రెండేళ్లయింది. (నివాసుల జాబితాలో ఆమె పేరు ఇంకా ఉంది. తొలగింపు దరఖాస్తు పరిశీలనలో ఉంది.) తాలింపులో ఆ ఆకు చిటపటమన్నప్పుడల్లా వంటింట్లో ఇంకొకరు ఉన్నట్టే ఉంటుంది ఆయనకు.

కీటక గుర్తింపు ఉపసంఘం కార్యదర్శి పరమేశ్వర్ ఫారం పట్టుకొని వచ్చాడు. అంబదాస్ లాగే ఆయనా తెలంగాణలో సిరిసిల్ల వైపు మనిషే.

“అన్నా, గిది పురుగా, సీతాకోకచిలుకా? ఒక్కటి చెప్పు.”

“ఇయ్యాల పురుగు. పదిహేను దినాలైతే సీతాకోకచిలుక.”

“ఫారంల గసొంటి ఖానా లేదన్నా.”

“నువ్వు పుట్టంగనే సెక్రెటరీవా మరి?”

“నా సంగతి వేరు. నన్ను ఎలక్షన్ల గెలిపించిన్రు. జర ఫోటో తియ్యి. లేకుంటే శుక్రవారం చెట్టు పీకుడే.”

ఆకుపచ్చ ఆకు మీద ఆకుపచ్చ పురుగు. యాప్ ‘ఆకు’ అంది. రెండోసారి ‘కొత్తిమీర’ అంది.

అంబదాస్ ఖటోదరాలోని ప్రింటింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు చీరల డిజైన్లు గీసిన మనిషి. ఏ నమూనానైనా బట్ట మీద పెట్టి చూడటం ఆ పని నేర్పిన అలవాటు. బీరువాలోంచి భాగ్యలక్ష్మి చీర తెచ్చి, కొంగు పరిచి, పురుగున్న రెమ్మను మెల్లగా దాని మీదికి వంచి ఫోటో తీశాడు. యాప్ వెంటనే తేల్చింది: ‘సీతాకోకచిలుక. అరుదైన జాతి. తొంభై ఎనిమిది శాతం ఖాయం.’

అది పురుగును చూడనేలేదు. కొంగు మీది అచ్చుబొమ్మను చూసింది. ఆ బొమ్మ గీసింది అంబదాసే. అలాంటి రెక్కలు ప్రకృతిలో ఎక్కడా లేవు. ఆ వారం మిల్లులో మిగిలిన రంగులను బట్టి పుట్టాయి.

నిజం చెబుదామని ఆయన నోరు తెరిచేలోపే సర్టిఫికెట్ వచ్చేసింది. (మనుషుల విషయంలో ఇంత వేగం ఇంకా సాధ్యపడలేదు.) మొక్క బతికింది.

పదిహేనో రోజున పురుగు రెక్కలు విప్పింది: నలుపు మీద లేత పసుపు మచ్చలు. తనిఖీకి వచ్చిన పరమేశ్వర్ దాన్ని సర్టిఫికెట్ మీది బొమ్మతో పోల్చి చూశాడు.

“గిది మనది కాదన్నా. బయటికెల్లి వచ్చింది.”

ఆయన పెన్ను వెతుక్కునేలోపు అది ఎగిరిపోయింది.

“పోతే పోనీ. అసలుది ఏది? అది చూపియ్యకుంటే చెట్టుకు మల్ల నోటీసే.”

అంబదాస్ లోపలికి వెళ్లి చీర తెచ్చి మడత విప్పాడు. పరమేశ్వర్ కొంగునూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

“వదిన కట్టేది గదా గిది,” అన్నాడు. కొంగు అంచు సవరించి, “రంగులన్నీ కలుస్తున్నయ్,” అని ‘ప్రాణి క్షేమం’ దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశాడు.

సొసైటీ రికార్డుల ప్రకారం ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నవారు: అంబదాస్, భాగ్యలక్ష్మి, ఒక అరుదైన సీతాకోకచిలుక. ఎవరూ ఎగిరిపోయినట్టు నమోదు కాలేదు.