సమాధిరాళ్ళకు పసుపు పట్టీ

లోకంలో సత్యం రెండు రకాలు: ఎదుటివాడు అచ్చువేసినది, మనమే అచ్చువేసుకున్నది. రెండోది సత్యం కాదు. ఈ సంగతి మా ఊరు పుయెర్తో సెరెనోకు తెలియజేసినవాడు మందుల షాపు ఎవెలియో. అందరూ కలిసి రాసే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో అతను మూలాల పరిశీలకుడు. (జీతం లేదు. కనుక అధికారానికి హద్దూ లేదు.)

1962లో మగ్దలేనా నది ఊరిని ముంచినప్పుడు ఎర్మిలాకు పద్దెనిమిదేళ్ళు. ఇంటింటికీ తిరిగి, పోయినవాళ్ళ పేర్లు రాసుకుంది. నలభై ఒక్క మంది. తర్వాత మా బడిలో టీచరమ్మగా పనిచేసి, రిటైరయ్యాక ఆ పేర్లను పుస్తకం చేసి, శుభలేఖలు వేసే ప్రెస్సులో మూడు వందల ప్రతులు వేయించింది. ఊరి గ్రంథాలయం చూసుకునే నేను ఆ సర్వస్వంలోని మా ఊరి పేజీలో ఆ సంఖ్య ఎక్కించి, ఆధారంగా ఆమె పుస్తకం పేరు పెట్టాను. పదకొండు నిమిషాల్లో ఎవెలియో దానికి పసుపు హెచ్చరిక పట్టీ వేశాడు: "స్వీయ ప్రచురణ. నమ్మదగని మూలం."

టీచరమ్మ నన్ను వెంటబెట్టుకుని షాపుకు వెళ్ళింది.

"ఒరేయ్ ఎవెలియో, నీకు అక్షరాలు దిద్దించిందే నేను. నేను నమ్మదగనిదాన్నట్రా?"

"అయ్యో, మీరు కాదు టీచరమ్మా, మీ పుస్తకం. అచ్చుకు ముందు దాన్ని ఒక సంపాదకుడు చూడాలిగా. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?"

"వరదప్పుడు నేనక్కడే ఉన్నాను!"

"అదేనండీ ఇబ్బంది. అక్కడే ఉన్నవాళ్ళు నిష్పాక్షికంగా ఉండలేరు."

పరిష్కారం రాజధాని నుంచి వచ్చింది. ఒక పత్రికా విలేఖరి టీచరమ్మ ఇంట్లో వేయించిన బొకాచికో చేప రెండుసార్లు వడ్డించుకుని తిని, పుస్తకం పట్టుకుపోయి వ్యాసం రాశాడు. అందులో 41 తిరగబడి 14 అయింది. పుస్తకంలోని మొదటి పద్నాలుగు పేర్లే అచ్చయ్యాయి. పత్రికకు సంపాదకుడున్నాడు కనుక అది నమ్మదగిన మూలం. ఎవెలియో పేజీ సవరించాడు: మృతులు 14. మిగతా ఇరవై ఏడుగురు, తగిన ఆధారం లేనందున, మరణించలేదు.

వాళ్ళలో టీచరమ్మ తమ్ముడు, తొమ్మిదేళ్ళ నెవార్దో ఉన్నాడు. నా ఫోనులో ఆ పేజీని ఆమె రెండుసార్లు చదివింది.

"చావకపోతే మరి వాడేడీ?" అంది చివరికి.

నా దగ్గర మూలం లేదు.

మర్నాడు ఇద్దరం శ్మశానానికి వెళ్ళి నలభై ఒక్క రాళ్ళకూ ఫొటోలు తీసి, పేజీలో ఎక్కించి, షాపుకు వెళ్ళాం. ఎవెలియో ఒక్కొక్కటే శ్రద్ధగా చూశాడు.

"ఈ రాళ్ళు ఎవరు వేయించారు?"

"ఎవరి మనిషికి వాళ్ళే."

"చెక్కేముందు సంపాదకుడెవరైనా చూశాడా?"

"సమాధిరాయికి సంపాదకుడేమిట్రా!"

"అయితే ఇవీ స్వీయ ప్రచురణలే," అని పట్టీలు వేయడం మొదలుపెట్టాడు. ఒక ఫొటో దగ్గర అతని వేలు ఆగింది. కార్మెలినా బరాజా.

"మీ అమ్మ," అంది టీచరమ్మ మెల్లగా. "నిన్ను మా పడవలోకి అందించింది. తను మళ్ళీ పైకి రాలేదు. నీకప్పుడు ఐదేళ్ళు. ఆ రాయి వేయించిందెవరు?"

"నేనే." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దగ్గుమందుకు వచ్చినామె కూడా తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"మరి ఏం చేస్తావు నాయనా?"

ఎవెలియో కళ్ళజోడు పెట్టుకున్నాడు. తల్లి రాయికీ పట్టీ వేశాడు.

సాయంత్రానికల్లా సర్వస్వంలోని అతని ఖాతాకు తోటి పరిశీలకుల నుంచి ఒక బంగారు నక్షత్రం బొమ్మ వచ్చింది. దాని కింద ఇలా ఉంది: "నిష్పాక్షికతకు."