మొదటి అడుగు పరిష్కారమైంది

నాలుగు వందల ఏళ్ల చరిత్ర గల ఆ మహానగరం తన మొదటి అడుగునే పోగొట్టుకుందన్న సంగతి సోమవారం పొద్దున, టికెట్ల కౌంటరు తెరిచిన కాసేపటికి బయటపడింది.

అడుగంటే మాటవరసకు అన్నది కాదు, నిజం అడుగే. సముద్రం మీద వచ్చిన తొలి నావికుడు పడవ దిగుతూ ఒడ్డున రాతి మీద మోపిన ఎడమ పాదం గుర్తు. (కుడి పాదం తమ ఊళ్లో పడిందని పక్క రేవు నగరం వాదిస్తోంది. కేసు తేలేదాకా నావికుడు రెండు నగరాల మధ్య కాళ్లు చాపి నిలబడాలని కోర్టు మధ్యంతర ఉత్తర్వు.) నగరంలో చూడదగ్గవి ఇంకా లేకపోలేదు. ఎక్కినా సముద్రం కనిపించని లైట్‌హౌసు ఉంది. మరమ్మతు కోసం ఆపిన గడియార స్తంభం ఉంది, ఆపినవాళ్లంతా రిటైరయ్యారు. కోట ఉంది గానీ, లోపల కోట సంరక్షణ కార్యాలయం ఉన్నందువల్ల ప్రవేశం లేదు. వీటన్నిటిలోకీ అడుగే గొప్పదని పండితులు తేల్చారు. టికెట్టు ఉన్నది దానికొక్కదానికే.

ఆ పొద్దున కంచె ఉంది, బోర్డు ఉంది, రాయి ఉంది. అడుగు ఉండాల్సిన చోట మాత్రం సిమెంటు నున్నగా మెరుస్తోంది.

టికెట్లు కూడా తానే అమ్మే కాపలాదారు కౌంటరు వదిలి పరుగెత్తుకొచ్చాడు. అతని ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు ఆ వారమే వారసత్వ శాఖ డైరెక్టరు గారి బల్ల మీదికి చేరింది మరి.

అంతలో గైడుగా పనిచేసే బామ్మర్ది జనాన్ని వెంటేసుకుని దిగాడు.

"బావా, అడుగేదీ?"

"నన్నడిగితే? శనివారం ఇద్దరు మేస్త్రీలు ఆర్డరు పట్టుకుని వచ్చార్రా, గుంత పూడ్చాలని. దారిలో ఏదో గుంత అనుకున్నా. నిన్న ఆదివారం సెలవాయె. కౌంటర్లోంచి రాయి కనిపించి చావదు కదా!"

"డబ్బులు వెనక్కివ్వనా అయితే?"

"వెనక్కిచ్చే రూలు లేదు."

బామ్మర్ది గొంతు సవరించుకున్నాడు. "చూడండి, ఆ మహానుభావుడు ఎంత నిరాడంబరుడో! అడుగేసి కూడా ఆనవాలు మిగల్చలేదు!" జనం వంతులవారీగా సిమెంటు పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. పోయినసారి కంటే శుభ్రంగా ఉందని ఒకావిడ మెచ్చుకుంది.

మధ్యాహ్నం విచారణ. అధ్యక్షత వారసత్వ శాఖ డైరెక్టరు గారిది. ఎడమ మడమకు కట్టుతో, కుంటుకుంటూ వచ్చి కూర్చున్నారు. "బాత్రూములో జారాను" అన్నారు, ఎవరూ అడగకముందే.

రోడ్ల ఇంజినీరు ధీమాగా లేచాడు. "గుంతల యాప్‌లో ఫిర్యాదు వచ్చింది సార్. 'పాదమంత గుంత, ప్రాణాపాయం' అని. ఫొటో కూడా ఉంది. వెంటనే పూడ్చాం. గడువులోగా పూడిన గుంత నగర చరిత్రలో ఇదే మొదటిది."

కాపలాదారు ఉండబట్టలేకపోయాడు. "అయిదు వేళ్లున్న గుంతేంటండీ అని అనుమానం రాలేదా?"

"గుంతలకు వేళ్లుండకూడదని మా నిబంధనల్లో ఎక్కడా లేదు."

"పోనీ, ఫిర్యాదు పెట్టిందెవరో చెప్పండి."

"గోప్యం. చెప్పాలంటే వారసత్వ శాఖ డైరెక్టరు గారు అనుమతివ్వాలి."

అందరూ డైరెక్టరు గారి వంక చూశారు. ఆయన కిటికీ వంక చూశారు. "పౌరుల గోప్యత నాకు ప్రాణంతో సమానం" అన్నారు. ఆ పైన చూపు కాపలాదారు మీదికి తిప్పారు. "మేస్త్రీలను లోపలికి వదిలిందెవరయ్యా?"

"టికెట్టు ఇచ్చే వదిలాను సార్. రెండు పెద్దల టికెట్లు."

"అంటే, చరిత్రను పూడ్చడానికి టికెట్లమ్మావన్నమాట."

"ఆర్డరున్నా సరే టికెట్టు కొనాల్సిందేనని మీ సర్క్యులరే కదా సార్?"

"సర్క్యులరు పాటించడం తప్పని నేననలేదు. పాటిస్తూ ఇంత జరగనిచ్చావే, అదీ తప్పు." డైరెక్టరు గారు పర్మనెంటు ఫైలు దగ్గరికి లాక్కుని, ఎర్ర ఇంకు పెన్ను తీసి 'తొల' అని రాశారు. 'గించడమైనది' అన్నది ఇంకా పెన్నులోనే ఉంది.

ఫోను మోగింది. ఆయన కట్ చేశారు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశారు. మూడోసారి కంగారులో వేలు స్పీకరు మీద పడింది.

"నమస్కారం! మీరు తెలియజేసిన పాదమంత గుంత పూడ్చబడినది. సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి."

కాపలాదారుకు ఆ గొంతు పాత చుట్టమే. ఎప్పుడో అతని భార్య వీధి దీపం వెలగడం లేదని ఫిర్యాదు పెడితే, దీపం రాలేదు గానీ ఆ గొంతు మాత్రం నెలల తరబడి పొద్దునా సాయంత్రం పలకరించింది.

"నొక్కేయండి సార్" అన్నాడు జాలిగా. "నొక్కేదాకా వదలదు. మా ఆవిడ పడ్డ పాట్లు నేను చూశాను."

డైరెక్టరు గారు ఒకటి నొక్కారు. ఫైల్లో 'తొల' కొట్టేసి, పక్కన 'మంజూరు' అని రాసి సంతకం పెట్టి, పెన్ను జేబుకు తగిలించుకున్నారు. కట్టు కట్టిన కాలు వంక చూసుకుంటూ చెప్పారు.

"నేనేనయ్యా పెట్టింది. శుక్రవారం పొద్దున వాకింగ్‌కి వెళ్లి, సముద్రం వైపు కంచెలో సందుంటే అడ్డదారిన దూరాను. బోర్డు అటు తిరిగి ఉంది. కాలు అందులో పడి మడమ బెణికింది. ఒళ్లు మండి ఫొటో తీసి పెట్టేశాను. పదకొండేళ్లుగా దానికి కంచె మంజూరు చేసింది నేనే, బోర్డు రాయించింది నేనే, దాని గురించి విదేశాలు తిరిగి ఉపన్యాసాలిచ్చిందీ నేనే. చూడటం మాత్రం అదే మొదటిసారి."