పెద్దల మీదుగా ఇంటర్నెట్

ఒక పెద్ద అడవిలో మనుషులు వదిలేసి పోయిన బంగళా ఒకటి ఉంది. అందులో నాలుగు జంతువులు కాపురముంటున్నాయి. వాటి దగ్గర పట్నంవాళ్లు పారేసిన నాలుగు ముసలి కంప్యూటర్లు ఉన్నాయి. అన్నిటికీ కలిపి ఒకే ఒక్క ఇంటర్నెట్ లైను.

ఆ లైను కోసం కాళ్లరిగేలా తిరిగింది ముంగిస బుల్లెమ్మ. బంగళా పక్కనే వాగు. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తేముందు ఆ కబురు ఇంటర్నెట్లో పెడతారు. మెట్ల కింద బొరియలో ఉన్న ఆమె పిల్లలు ఇంకా కళ్లు కూడా తెరవలేదు. కబురు అందకపోతే కొట్టుకుపోతారు.

లైను వేయడానికొచ్చిన కాకి, మధ్యలో ఒక పెట్టె పెట్టి అందరికీ తలో వైరు ఇస్తానంది. నక్క జంబులింగం ఒప్పుకోలేదు. బంగళా సంఘానికి ఆయన కార్యదర్శి, పని చేయడం తప్ప అన్నీ వచ్చు. తాబేలు కూర్మయ్యగారికీ, నిన్నగాక మొన్న వచ్చిన ముంగిసకీ ఒకే పెట్టెలోంచి వైరా? పెద్దరికం ఏమైపోవాలి? లైను ముందు కూర్మయ్యగారి కంప్యూటర్లోకి వెళ్లాలి. అందులోంచి తన దాంట్లోకి, తన దాంట్లోంచి నెమలి పింఛాలరావు దాంట్లోకి, ఆ తర్వాత ఏమైనా మిగిలితే బుల్లెమ్మకి.

మొదటిది ఆపితే అందరికీ ఆగిపోతుందని కాకి గొణిగింది. కాకి మాట ఎవరు వింటారు?

కూర్మయ్యకు ఈ మర్యాద తెగ నచ్చింది. కంప్యూటరు దేనికో ఆయనకు తెలియదు గానీ, తన మీదుగా తప్ప ఏదీ కదలకూడదని మాత్రం బాగా తెలుసు. భోజనం కాగానే స్విచ్చి కట్టేసి డిప్పలోకి తల లాక్కునేవాడు. ఆయన మెలకువగా ఉన్న ఆ కాస్తసేపూ జంబులింగం సినిమాలు చూసేవాడు. పింఛాలరావు తన ఫొటోలు తనే ఎక్కించుకుని తనే మెచ్చుకునేవాడు. బుల్లెమ్మ తెరమీద చక్రం ఒకటి ఊరికే తిరుగుతుండేది.

ఇంతలో ముసురు పట్టింది. వాగు రంగు మారింది. బుల్లెమ్మ తెర మీద ఏమీ లేదు. పింఛాలరావు దగ్గరికి పరిగెత్తింది. పైవాళ్లని అడగకుండా తానేమీ చెప్పలేనన్నాడు ఆయన. అక్కణ్ణుంచి జంబులింగం దగ్గరికి వెళ్లింది.

"పెద్దాయన పడుకున్నారమ్మా. లేపితే బాగుండదు," అన్నాడు జంబులింగం.

"వాగు పొంగుతోందండీ. నా పిల్లలు కిందున్నారు."

"పొంగితే కబురు రాదా? రాలేదంటే పొంగలేదన్నమాట. నా కాపురమూ వరండా కిందే కదా, నేనేమైనా కంగారు పడుతున్నానా?"

బుల్లెమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటివాళ్లనా తాను ఇన్నాళ్లూ "అండీ" అన్నది అనిపించింది. ఇక ఎవర్నీ అడగలేదు. పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని అటక మీదికి చేర్చింది. ఆఖరి పిల్లని తెచ్చేసరికి బొరియ నిండా నీళ్లే.

తర్వాత వరద జంబులింగం కాపురాన్ని ఊడ్చుకుపోయింది. ఆపైన ఇంట్లోకొచ్చి నాలుగు కంప్యూటర్లనూ ముంచింది. పింఛాలరావు పింఛం తడిసిన చీపురుకట్టలా తయారైంది. కూర్మయ్య మాత్రం నిద్ర చెడకుండా హాల్లో తేలుతున్నాడు.

జంబులింగం ఎలాగో అటకెక్కి, బుల్లెమ్మ పిల్లల్ని పక్కకు జరిపి కూర్చున్నాడు. ఊపిరి కుదుటపడగానే అక్కడే సంఘం సమావేశం పెట్టాడు. పైనుంచి కబురు రాకముందే పిల్లల్ని తరలించి ముంగిస సంఘం పరువు తీసిందనీ, కొత్త లైను వచ్చాక ఆమెకు వైరు ఇవ్వకూడదనీ తీర్మానించాడు. పింఛాలరావు తడి రెక్క ఎత్తి బలపరిచాడు. బుల్లెమ్మ వాళ్లకేసి తిరిగి కూడా చూడకుండా పిల్లల ఒళ్లు నాకుతూ ఉండిపోయింది.

ఆ మాటలకు కింద కూర్మయ్యకు మెలకువ వచ్చింది. డిప్పలోంచి తల బయటపెట్టి చుట్టూ చూశాడు.

"ఏమిటర్రా, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేసిందా వరద?"

నీతి: కబురు పైనుంచి దిగాలి, నీళ్లు కిందనుంచి ఎక్కాలి, పెద్దలు ఎలాగూ తేలతారు.